పెట్టె మీద 'వైఫై' అని రాస్తే చాలదు: వినియోగదారుల వ్యవహారాల శాఖకు శ్రీకాకుళం నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,
వినియోగదారుల వ్యవహారాల శాఖ, భారత ప్రభుత్వం, న్యూఢిల్లీ.

ఆర్యా,

పిల్లలు చేతిలో పట్టుకొని ఆడుకొనే ఆట పరికరాన్ని ఇంట్లో ఉన్న వైఫైకి తగిలించడానికి మా ఇంట్లో రెండుసార్లు నానా అవస్థా పడ్డాం. మొదటిసారి 2012 వేసవిలో, మా అమ్మాయి మూడో తరగతి అయిపోయిన సెలవుల్లో. రెండోసారి మొన్న సంక్రాంతికి, తొమ్మిదేళ్ళ మా అబ్బాయి కోసం. పరికరాలు వేరు, తయారుచేసిన కంపెనీలు వేరు, ఇంట్లో రౌటర్లు కూడా వేరు. రెండు పెట్టెల మీదా 'వైఫై' అన్న మాట మాత్రం కొట్టొచ్చినట్టు ఉంది. ఆ మాట అబద్ధమూ కాదు, పూర్తి నిజమూ కాదు. అందుకే ఈ లేఖ రాస్తున్నాను. కంపెనీల పేర్లు ఇందులో రాయను, ఎందుకంటే ఒక కంపెనీని దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ప్యాకెట్ మీద ఏమేమి ముద్రించాలో చెప్పే నిబంధనలు మీ శాఖ చేతిలో ఉన్నాయి కాబట్టి, వాటిలో ఒక చిన్న చేర్పు అడగడానికి రాస్తున్నాను. బహిరంగంగా రాయడానికి కారణం, ఇదే అవస్థలో ఉన్న తల్లిదండ్రులు మా ఊళ్ళోనే చాలామంది ఉన్నారని ఈ మధ్యనే తెలియడం.

నేను శ్రీకాకుళంలో, ఇంటి నుంచే లెక్కల పని చేస్తాను. పలాస, కాశీబుగ్గ వైపు జీడిపప్పు వ్యాపారులు కొందరికి ఖాతాలు రాసి, ప్రతి నెలా 20వ తేదీలోగా వారి జీఎస్టీ రిటర్నులు దాఖలు చేస్తాను. అప్పట్లో అయితే వ్యాట్. వాళ్ళ పాస్‌వర్డ్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కొనుగోలు బిల్లులు అన్నీ మా ముందుగదిలోని కంప్యూటర్లోనే ఉంటాయి. కనుక మా ఇంటి వైఫైకి తాళం, అంటే పాస్‌వర్డ్ లేనిదే ఎవరినీ రానివ్వని భద్రతా పద్ధతి, నాకు వృత్తిధర్మం. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, 'ఆట వస్తువు కోసం ఇంత గొడవా' అనేవారికి అసలు సంగతి వస్తువు దగ్గర లేదని, దాని కోసం ఇంటిల్లిపాదీ తాళం సడలించుకోవలసి రావడం దగ్గర ఉందని తెలియాలి.

2012లో ఆ పరికరం తెచ్చింది మా తమ్ముడు. ఓడ మీద ఉద్యోగం చేసేవాడు, సింగపూరులో దిగినప్పుడు మేనకోడలికని కొన్నాడు. ఆటలు బాగానే ఆడేది. ఊరికే ఒక్కతే ఆడుకుంటే ఏ ఇబ్బందీ లేదు. మావయ్యతో కలిసి, అతను ఏ రేవులో ఉంటే అక్కడి నుంచి, ఇంటర్నెట్ మీద పోటీ ఆడవచ్చన్నది అసలు ఆశ. అది వైఫైకి తగులుకోవాలి కదా. మా రౌటర్ పేరు తెర మీద కనిపించేది. నొక్కితే పక్కన ఒక తాళం బొమ్మ బూడిదరంగులో వచ్చి, ఇక ముందుకు సాగేది కాదు. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చినవారి దగ్గర పనిచేసే కుర్రాడిని పిలిస్తే, వచ్చి రెండు నిమిషాలు చూశాడు. "తాళం తీసీండి మేడమ్, ఏటీ అవ్వదు. ఓపెన్‌గా ఉంటే అదే తగులుకుంటాది" అన్నాడు. తీశాడు. తగులుకుంది. పిల్ల గంతులేసింది. నేను కూడా కాఫీ ఇచ్చి పంపించాను, ఎంత మంచివాడో అనుకుంటూ.

ఆరు వారాల తర్వాత బిల్లు వచ్చింది. అప్పట్లో నెలకింత డేటా అని పరిమితి ఉండేది, దాటితే అదనపు సొమ్ము. మామూలుగా వచ్చేదానికి మూడు రెట్లు వచ్చింది. మా పక్క మేడలో చదువుకొనే కుర్రాళ్ళు అద్దెకుండేవారు. వాళ్ళనే అనుమానించడానికి నా దగ్గర ఆధారం లేదు, ఆ నెలలో వాళ్ళు నాతో మర్యాదగా మాట్లాడటం ఎక్కువైందన్న ఒక్క సంగతి తప్ప. డబ్బు కంటే ఎక్కువ భయపెట్టింది వేరొకటి. 2008 జూలైలో అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్ళు జరిగినప్పుడు, వాటికి బాధ్యత వహిస్తూ వెళ్ళిన ఈమెయిల్ నవీ ముంబైలో ఒక ఇంటి వైఫై కనెక్షన్ నుంచి వెళ్ళిందని పోలీసులు తేల్చారు. ఆ ఇంటివారు పంపినది కాదు. వారి కనెక్షన్‌ను బయటివారు వాడుకున్నారు. అయినా ముందు పోలీసులు తలుపు తట్టింది ఆ ఇంటివారిదే. అది పత్రికల్లో చదివినప్పుడు ఎక్కడో ముంబై గొడవ అనుకున్నాను. నాలుగేళ్ళ తర్వాత, తాళం లేని మా ఇంటి వైఫై వీధి చివరి కిళ్ళీకొట్టు దాకా అందుతోందని తెలిసిన రోజు, ఆ వార్త మళ్ళీ గుర్తుకొచ్చింది.

మళ్ళీ కుర్రాడిని పిలిస్తే, అయితే పాత రకం తాళం పెడతానన్నాడు. ఆ తాళం పేరు డబ్ల్యూఈపీ. 'వైర్డ్ ఈక్వివలెంట్ ప్రైవసీ' అని దాని పూర్తి పేరు. తీగ వేసుకుంటే ఎంత గోప్యంగా ఉంటుందో గాలిలోనూ అంత గోప్యం అని అర్థం. వైర్‌లెస్ ప్రమాణంతోపాటే 1997లో వచ్చింది. అయిదు అక్షరాలు గానీ పదమూడు అక్షరాలు గానీ, లెక్కగా, ఒకటి ఎక్కువా తక్కువా లేకుండా తాళంచెవి పెట్టుకోవాలి. మా అమ్మాయి చేతిలోని పరికరానికి తెలిసిన తాళం ఇదొక్కటే. ఆ తర్వాత వచ్చిన గట్టి తాళాలు దానికి పరిచయం లేవు.

ఈ తాళం గురించి నేను చదివి తెలుసుకున్నది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా విన్నపం అంతా దీని మీదే నిలబడుతుంది. గాలిలోకి పంపే ప్రతి చిన్న సమాచారపు మూటకూ ఆ పద్ధతి ఇరవై నాలుగు బిట్ల (అంటే ఇరవై నాలుగు సున్నాలు, ఒకట్లతో రాసే) సంఖ్య ఒకటి జతచేసి, దాన్ని తాళంచెవితో కలిపి మూటను మరుగుపరుస్తుంది. ఇరవై నాలుగు బిట్లతో వచ్చే సంఖ్యలు మొత్తం 1,67,77,216. వినడానికి ఎక్కువే గానీ, రద్దీగా ఉండే వైఫైలో కొన్ని గంటల్లోనే ఆ సంఖ్యలు అయిపోయి మళ్ళీ మొదటివే వస్తాయి. ఒకే సంఖ్య రెండు మూటలకు పడితే రెంటినీ పోల్చి చూసి లోపలున్నది ఊహించవచ్చు. అంతకంటే పెద్ద లోపాన్ని 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. కొన్ని సంఖ్యలు తాళంచెవిలోని అక్షరాలనే వెళ్ళగక్కుతాయని చూపించారు. 2007 నాటికి జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు, పదమూడు అక్షరాల తాళాన్ని కూడా ఒక్క నిమిషం లోపే విప్పవచ్చని చేసి చూపించారు. అంటే మా ఇంట్లో ఆ తాళం పెట్టిన 2012 నాటికి, అది తాళమే కాదని లోకానికి తెలిసి పదకొండేళ్ళు గడిచాయి. తలుపుకు గొళ్ళెం లేదు, కాస్త దగ్గరగా వేసి ఉంది, అంతే.

దాన్ని కాదని 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2 అనే కొత్త తాళాలు వచ్చాయి. వైఫై అలయన్స్ అనే సంస్థ 2006 మార్చి నుంచి తన ముద్ర వేసే ప్రతి కొత్త వస్తువుకూ డబ్ల్యూపీఏ2 తప్పనిసరి చేసింది. ఆ ముద్ర లేకుండా కూడా వస్తువును చేసి అమ్ముకోవచ్చు, పెట్టె మీద 'వైర్‌లెస్ ఆట' అని రాసుకోవచ్చు. సగం ఇబ్బంది అక్కడే ఉంది.

ఇదంతా తెలిశాక కుర్రాడు చెప్పిన మిగతా చిట్కాలు కూడా నాకు ఆనలేదు. వైఫై పేరు కనబడకుండా దాచేద్దాం అన్నాడు. పేరు దాచినా, తగులుకొనే ప్రతి పరికరమూ ఆ పేరును గాలిలోకి పలుకుతూనే ఉంటుంది, వినే సాఫ్ట్‌వేర్ ఉన్నవాడికి క్షణం పట్టదు. పరికరానికి గుర్తింపుగా ఉండే మ్యాక్ నంబరు ఒక్కదాన్నే రానిచ్చేలా చేద్దాం అన్నాడు. ఆ నంబరు కూడా ఏ మరుగూ లేకుండా గాలిలో తిరుగుతుంది, ఎవరైనా చూసి తమ పరికరానికి పెట్టుకోవచ్చు. చివరికి నేను గట్టి తాళమే మళ్ళీ పెట్టించాను. పిల్ల పరికరం అలమారలో చేరింది. మావయ్యతో పోటీ ఆట జరగనే లేదు. ఎనిమిదేళ్ళ పిల్లకు ఈ తాళాల చరిత్ర చెప్పి ఒప్పించడం నా వల్ల కాలేదు. 'నీ పని కోసమే నా ఆట ఆపేశావు' అంది. అది అక్షరాలా నిజం.

ఇక ఈ సంవత్సరం సంగతి. మా అబ్బాయి పండగ మామూలుకు మరో ఏడాది మామూళ్ళు కలిపి దాచుకున్న సొమ్ముతో, విశాఖపట్నంలో ఒక దుకాణంలో చేతి ఆట పరికరం కొన్నాం. కొనేముందు నేను జాగ్రత్తగా అడిగాను. దీనికి ఏ రకం భద్రత ఉంది, డబ్ల్యూపీఏ2 తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ3 తాళం తెలుసా అని. కౌంటర్లో ఉన్న అబ్బాయి పెట్టె తిప్పి వెనుకభాగం చూపించి, "వైఫై ఉంది మేడమ్, వైఫై అంటే వైఫైయే కదా" అన్నాడు. అతని తప్పు లేదు. పెట్టె మీద ఎంత రాసి ఉందో అంతే చెప్పాడు.

మా రౌటర్ కొత్తది. కిందటి ఏడాది ఆపరేటర్ మార్చినప్పుడు, ఉన్నవాటిలో అన్నింటికంటే గట్టి తాళం పెట్టమని నేనే అడిగితే, డబ్ల్యూపీఏ3 మాత్రమే పనిచేసేలా అమర్చి వెళ్ళారు. 2018లో వచ్చిన ఈ పద్ధతిలో, గాలిలోంచి పట్టుకున్న మూటలను ఇంటికి తీసుకుపోయి తీరిగ్గా పాస్‌వర్డ్ ఊహించే అవకాశం ఉండదు. నా ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ అది తెలుసు. ఏ ఇబ్బందీ రాలేదు.

భోగి నాటి సాయంత్రం మా అబ్బాయి పరికరం పట్టుకొని నేల మీద కూర్చున్నాడు. మా పాస్‌వర్డ్‌లో పదహారు అక్షరాలు. అందులో రెండు పెద్దక్షరాలు, ఒక డాలరు గుర్తు, మూడు అంకెలు. దాని తెర మీద వచ్చే కీబోర్డులో వేలితో తాకితే అక్షరం పడదు. ఎడమ చేతి వైపున్న నాలుగు బాణం గుర్తుల మీటతో ఒక్కో గడీ దాటుకుంటూ పోవాలి. పెద్దక్షరానికి ఒక పొర, గుర్తులకు ఇంకో పొర. తప్పు పడితే వెనక్కి రావాలి. వాడు నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ, ఏడు నిమిషాలు పట్టి కొట్టాడు. ఒక చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. తర్వాత ఇంగ్లిషులో ఒక వాక్యం వచ్చింది. దాని తెలుగు ఇది: కలవడం సాధ్యపడలేదు, పాస్‌వర్డ్ సరిచూసుకోండి.

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే వాక్యం. మూడోసారి నేను పక్కన కూర్చొని కాగితం మీద రాసిచ్చాను. నాలుగోసారి నేనే కొట్టాను, వాడు చూశాడు. అయిదోసారి వాడు. అప్పటికి వంటింట్లో అరిసెల పాకం ముదిరిపోతోంది, నాకు ఓపిక పోయింది. డాలరు గుర్తు బదులు ఇంకేదో కొడుతున్నావని వాణ్ణి కసిరాను. "అమ్మా, నేను సరిగ్గానే కొట్టాను" అన్నాడు వాడు, తెర నా వైపు తిప్పి. చుక్కలు మాత్రమే కనబడతాయి కదా, ఏం కొట్టాడో నాకెలా తెలుస్తుంది? పరికరం పాస్‌వర్డ్ తప్పన్నది. పిల్లవాడు కాదన్నాడు. నేను పరికరాన్ని నమ్మాను. పిల్లవాడు పండగపూట ఏడుస్తూ పడుకున్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే.

కనుమ నాడు మా అమ్మాయి వచ్చింది. ఇప్పుడు విశాఖలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. తమ్ముడి దగ్గర కూర్చొని ముందు తరంగాల సంగతి చూసింది. ఇంటి వైఫై సాధారణంగా రెండు పట్టీల మీద పనిచేస్తుంది, ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్. మన దేశంలో ఇంట్లో ఈ రెండింటినీ లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోవచ్చు. ఈ పరికరానికి 2.4 ఒక్కటే తెలుసు. ఆ సంగతి కూడా పెట్టె మీద లేదు, లోపలి పుస్తకం చివరి పుటలో చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. అయితే మా రౌటర్ రెండింటి మీదా పలుకుతోంది కనుక గుట్టు అక్కడ లేదు. అప్పుడు మా అమ్మాయి రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్ళి డబ్ల్యూపీఏ3 బదులు డబ్ల్యూపీఏ2 పెట్టి చూసింది. అదే పదహారు అక్షరాలు, అదే డాలరు గుర్తు. చక్రం ఒక్కసారి తిరిగి, తగులుకుంది. మా అబ్బాయి నా వైపు చూసిన చూపు నేను ఇక్కడ రాయలేను.

అంటే పరికరం చెప్పింది అబద్ధం. పాస్‌వర్డ్ తప్పు కాలేదు. పాస్‌వర్డ్ దాకా సంభాషణ వెళ్ళనే లేదు. రౌటర్ ఒక భాషలో పలకరిస్తే పరికరానికి ఆ భాష రాదు. 'నాకు ఈ తాళం తెరవడం తెలియదు' అని చెప్పడానికి బదులు 'నువ్వే తప్పు కొట్టావు' అంది. ఆ వాక్యం ఒక్కటి నిజం చెప్పి ఉంటే, మా ఇంట్లో ఆ రాత్రి ఎవరూ ఏడ్చేవారు కాదు.

పెట్టె మీద ముద్రించిన వినియోగదారుల సేవా నంబరుకు నేను ముందే ఫోన్ చేశాను, భోగి మర్నాడు. రౌటర్ ఆపి మళ్ళీ వేయమన్నారు. పరికరాన్ని కొన్న రోజు నాటి స్థితికి తుడిచేయమన్నారు. తుడిచేస్తే పిల్లవాడు అప్పటికే ఆడుకున్నదంతా పోయింది. చివరికి మీ ఇంటర్నెట్ వాళ్ళను అడగండన్నారు. ఇంటర్నెట్ వాళ్ళను అడిగితే, ఫోన్లు పనిచేస్తున్నాయి కదా, మావైపు ఏ లోపమూ లేదు, ఆ కంపెనీని అడగండన్నారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరికి వారు తమ ముక్క సరిగ్గా ఉందన్నారు. రెండు ముక్కలు అతుకుతాయా లేదా అన్నది మాత్రం ఎవరి పనీ కాదు.

మా అమ్మాయి ఒక దారి చూపించి వెళ్ళింది. అది ఇతర తల్లిదండ్రులకు పనికొస్తుంది కనుక ఇక్కడే చెబుతాను. ఇప్పటి రౌటర్లు చాలావాటిలో అతిథుల కోసం విడిగా ఇంకో వైఫై పెట్టుకొనే వీలుంది. దాన్ని 2.4 పట్టీ మీద, డబ్ల్యూపీఏ2 తాళంతో, వేరే పొడవాటి పాస్‌వర్డ్‌తో పెట్టి, దానిలోకి వచ్చినవారు ఇంట్లోని మిగతా యంత్రాలను చూడకుండా అడ్డుగోడ వేసింది. ఆట పరికరం అందులో ఉంటుంది, ఇంటర్నెట్‌కు పోతుంది, నా కంప్యూటర్ ఉన్నట్టే దానికి తెలియదు. నా ఖాతాలు ఎప్పటిలాగే డబ్ల్యూపీఏ3 వెనుక ఉన్నాయి. అయితే ఈ ఉపాయం డబ్ల్యూపీఏ2 తెలిసిన పరికరానికే. 2012లో మా దగ్గర ఉన్నలాంటి పాత పరికరాలు ఇంట్లో ఇంకా ఉన్నవారు, వాటి కోసం అతిథి వైఫైకి కూడా డబ్ల్యూఈపీ తాళం పెట్టవద్దని నా మనవి. అడ్డుగోడ మీ కంప్యూటర్‌ను కాపాడవచ్చు గానీ, మీ కనెక్షన్ పేరు మీద వీధిలోవాడు ఏం పంపినా జవాబు చెప్పుకోవలసింది మీరే.

ఇంజనీరింగ్ చదివే పిల్ల ఇంట్లో లేనివారి మాటేమిటి? ఆమదాలవలసలోనో, నరసన్నపేటలోనో ఒక తండ్రి ఇదే పరికరం కొన్నాడనుకోండి. మూడు రోజులు తిప్పలుపడి, చివరికి ఎవరో ఒక కుర్రాడిని పిలుస్తాడు. ఆ కుర్రాడు తాళం తీసేస్తాడు. తగులుకుంటుంది. అందరూ సంతోషిస్తారు. 2012లో మేము సంతోషించినట్టే.

ఇక నేను కోరేది. మీ శాఖ అమలు చేసే 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం ప్రతి ప్యాకెట్ మీదా తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు ఉండాలి. అవన్నీ మా పెట్టె మీద ఉన్నాయి. దిగుమతిదారు అతికించిన తెల్ల స్టిక్కర్ మీద అన్నీ బుద్ధిగా ముద్రించి ఉన్నాయి. 2018 జనవరి నుంచి ఆన్‌లైన్‌లో అమ్మేవారు కూడా, నెల, సంవత్సరం తప్ప, ఆ వివరాలు తెర మీద చూపించాలి. ఇది మంచి ఏర్పాటు, దీని వల్లనే నాకు ఫోన్ నంబరైనా దొరికింది. ఆ స్టిక్కర్‌కు ఇంకొన్ని మాటలు జోడించమని అడుగుతున్నాను: ఈ వస్తువు ఏయే భద్రతా పద్ధతులతో వైఫైకి కలుస్తుంది, ఏయే పట్టీల మీద కలుస్తుంది, భద్రతా అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారు. అంతే. 'వైఫై: డబ్ల్యూపీఏ2 వరకు, 2.4 మాత్రమే' అని ముద్రించడానికి అయ్యే సిరా ఖర్చు ఎంతో నేను లెక్కవేయలేదు గానీ, ఏ కంపెనీ దివాలా తీయదు.

ఇప్పటికే పరీక్షలున్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. మన దేశంలో నిర్బంధ నమోదు ఉత్తర్వు 2012లో వచ్చినప్పుడే ఆ తొలి జాబితాలో ఎలక్ట్రానిక్ వీడియో గేములు చేరాయి. కనుక షాకు కొట్టకుండా, నిప్పు అంటుకోకుండా పరీక్ష ఉంది. తరంగాలు వెదజల్లే వస్తువు కనుక టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం ఆమోదం కూడా కావాలి, పక్కింటి రేడియోకు అడ్డు రాకుండా. ఈ రెండు గడపలు దాటి వచ్చిన వస్తువును, ఇంటి తాళంతో దీనికి పడుతుందా అని అడిగే మూడో గడప ఎక్కడా లేదు. నేను పరీక్ష పెట్టమని కూడా అడగడం లేదు. పాత తాళం మాత్రమే తెలిసిన వస్తువును నిషేధించమనీ అడగడం లేదు. చవకగా వస్తుందని తెలిసి కొనుక్కొనేవారు కొనుక్కోవచ్చు. తెలిసి కొనాలి, అంతే నా మాట. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, వస్తువు నాణ్యత, ప్రమాణం, ధర గురించి తెలుసుకోవడం వినియోగదారుడి హక్కు అని చెబుతోంది. గాలిలో తాళం ఏ ప్రమాణంలో ఉందన్నది ఆ 'ప్రమాణం' అన్న మాట కిందికి రాకపోతే మరేది వస్తుంది?

ఇలాంటిది ఎక్కడా లేదని కూడా ఎవరూ అనలేరు. సింగపూరు 2020 అక్టోబరులో ఇంటర్నెట్‌కు తగులుకొనే వస్తువులకు నాలుగు స్థాయిల భద్రతా ముద్రలు మొదలుపెట్టింది, మొట్టమొదట వైఫై రౌటర్లతో. మా తమ్ముడు ఆ పరికరం కొన్న ఊరు అదే కావడం నాకు కొంచెం నవ్వు తెప్పించింది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, ఇంటర్నెట్‌కు తగులుకొనే వినియోగ వస్తువు అమ్మేవారు భద్రతా అప్‌డేట్లు కనీసం ఎంతకాలం ఇస్తారో ముందే ప్రకటించాలని చట్టం వచ్చింది. మన దేశంలో ఫ్రిజ్ కొనడానికి వెళితే ఎంత కరెంటు తాగుతుందో నక్షత్రాల లెక్కన తలుపు మీదే అతికించి ఉంటుంది. మా వీధిలో ఇంగ్లిషు రాని ముసలమ్మలు కూడా ఆ నక్షత్రాలు లెక్కపెట్టి బేరమాడతారు. వైఫై తాళానికి కూడా అలాంటి గుర్తు ఒకటి ఉంటే, దుకాణంలో కుర్రాడిని నేను అడగనక్కర్లేదు, అతను ఊహించి చెప్పనక్కర్లేదు.

పెట్టె మీద చోటు లేదని కంపెనీలు అంటే, 2022లో మీ శాఖే ఎలక్ట్రానిక్ వస్తువుల కొన్ని వివరాలను క్యూఆర్ కోడ్ ద్వారా ఇవ్వవచ్చని, ముందుగా ఒక ఏడాదికి, సవరణ తెచ్చిన సంగతి గుర్తుచేయండి. అయితే ఈ ఒక్క వివరాన్ని కోడ్ వెనుక దాచవద్దని నా అభ్యర్థన. దుకాణంలో నిలబడి, పిల్లవాడు చెయ్యి పట్టి లాగుతుండగా, ఫోన్ తీసి కోడ్ చూసి, వచ్చిన పుటలో వెతుక్కొనే తల్లి ఎవరూ ఉండరు.

తెర మీద వచ్చే వాక్యం సంగతి మీ నిబంధనల్లో ఇముడుతుందో లేదో మీకే తెలియాలి. ఇమిడితే మాత్రం, తాళం తెలియనప్పుడు 'ఈ భద్రతా పద్ధతి నాకు రాదు' అని చెప్పాలనీ, పాస్‌వర్డ్ మీద నెపం వేయకూడదనీ ఒక మాట చేర్చండి. నా మనసులో అన్నింటికంటే ముందున్నది ఇదే.

మా రెండో పరికరం పెట్టెను నేను పారేయలేదు. ధర స్టిక్కర్ పక్కన ఖాళీ జాగా ఉంటే మా అబ్బాయి స్కేలు తెచ్చి కొలిచాడు. తొమ్మిది సెంటీమీటర్ల పొడవు, రెండున్నర వెడల్పు ఉంది. అందులో ఏం రాయాలో వాడే పెన్సిలుతో రాసి చూశాడు, తెలుగులో, మూడు వరుసల్లో. ఇంకా కొంత జాగా మిగిలింది. పెట్టె కావాలంటే పంపిస్తాను.

భవదీయురాలు,
ఖాతాలు రాసుకొనే ఒక తల్లి,
శ్రీకాకుళం